ఇంటి లెక్కలలో నిల్వ పట్టీ

“ఇంట నిల్వ ఎంత ఉన్నది?” అని గృహస్థును అడిగినచో అతడు జేబు తడవి చూచుకొనును, నేటి కాలమున ఐనచో ఫోను తీసి బ్యాంకు నిల్వ చూచి చెప్పును. ఈ రెండును ఆ ప్రశ్నకు సమాధానములు కావు. జేబులోనిది చేతి నగదు మాత్రమే. ఫోనులో కనబడునది ఒక్క బ్యాంకులోని ఒక్క ఖాతా సంగతి. ఎరువుల దుకాణములో నిలిచిన బాకీ, పొదుపు సంఘములో ఇల్లాలి పేర జమపడిన సొమ్ము, తాకట్టులో ఉన్న నగలు, బావమరదికి ఇచ్చిన చేబదులు, ఇవి ఏవియు అందులో కానరావు. వీనిని అన్నింటిని ఒక్కచోట చేర్చి, ఒకానొక తేదీ నాటికి ఏ ఖాతాలో ఎంత నిలిచినదో చూపునట్టి పట్టీని నిల్వ పట్టీ అందుము. కంప్యూటరులో ఇంటి లెక్కలు వ్రాసికొనువారు దీనిని క్షణములో తయారు చేసికొనవచ్చును. ఎట్లు చేసికొనవలెనో, చేసినదానిని ఎట్లు చదువవలెనో ఈ ప్రసంగమున వివరింతుము. చేయుట సులభము. చదువుటయందే చిక్కు ఉన్నది.

మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతముల శ్రోతలకు ఈ విషయము ప్రత్యేకముగ ఉపయోగపడునని మా అభిప్రాయము. ఈ ప్రాంతములు 1970 ఫిబ్రవరి 2వ తేదీ వరకు కర్నూలు జిల్లాలో ఉండి, ఆనాడు కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. జిల్లా మారినను వాన మారలేదు. నల్లమల తూర్పు వాలున ఉన్న ఈ మెట్ట భూములలో ఆదాయము నెలనెలకు వచ్చునది కాదు. పత్తి, మిరప, కంది అమ్మిన నెలలో చేతినిండ సొమ్ము ఉండును; తక్కిన నెలలన్నియు అరువుమీదనే నడచును. నెల జీతగాడు ఖర్చు లెక్క వ్రాసికొన్నచో చాలును. పంటమీద, అరువుమీద బ్రతుకు ఇల్లు ఖర్చు లెక్కతో గట్టెక్కదు. దానికి నిల్వల లెక్క కావలెను.

లెక్కలు వ్రాయుట మనకు కొత్త విద్య కాదు. దినదినము జరిగిన పద్దులను వరుసగ వ్రాయు పుస్తకము చిట్టా. ఆ పద్దులనే పేరు పేరున విడదీసి ఖాతాలుగ వ్రాయునది ఆవర్జా. ఆవర్జాలోని నిల్వలన్నింటిని ఎత్తి ఒక్క కాగితముపై వేసి సరిచూచునది అంకణా. 1984లో కరణీకములు రద్దగు వరకు మన ఊళ్లలో లెక్క యనగానే కరణముగారే గుర్తునకు వచ్చెడివారు. మహాజనీ పద్ధతిలో జమను ఎడమ వైపునను, నామెను కుడి వైపునను వ్రాయుదురు. పాశ్చాత్యుల పద్ధతి దీనికి తలక్రిందులు. ఆ పాశ్చాత్య పద్ధతిని, అనగా ప్రతి పద్దును రెండు ఖాతాలలో వ్రాయు జంట పద్దు విధానమును, 1494లో వెనిసు నగరమున అచ్చైన గణిత గ్రంథములో లూకా పచోలీ అను సన్యాసి వివరించెను. ఆయన దానిని కనిపెట్టలేదు. వెనిసు వర్తకులు అప్పటికే వాడుచున్నదానిని గ్రంథస్థము చేసెను. నేటి కంప్యూటరు కార్యక్రమములు చేయుచున్నదియు అదే. చిట్టా మాత్రము మనము వ్రాసినచో, ఆవర్జాను, అంకణాను యంత్రము తానే వ్రాయును.

మార్కాపురమున కూర్చుండి లెక్కలను గూర్చి చెప్పుచు పలకను తలపకుండుట న్యాయము కాదు. ఇచ్చటి రాతి పలకలపై దేశములో ఎందరో ఓనమాలు దిద్దిరి. దుకాణపు అరువు పద్దులను పలకపై వ్రాసికొనుట పూర్వము పలుచోట్ల ఉన్నదే. పలకమీది లెక్కకు ఒక గుణమున్నది: ఈనాటి నిల్వ ఎప్పుడును కంటియెదుట ఉండును. ఒక దోషమును ఉన్నది: నిన్నటి నిల్వ ఎంతయో తెలియదు, తుడిచిపోయినది గనుక. ఫోనులో చూచుకొను బ్యాంకు నిల్వ కూడ ఇట్టి పలకయే. మనకు కావలసినది ఏ తేదీని అడిగినను ఆ తేదీ నాటి నిల్వ చెప్పగల సాధనము.

అట్టి సాధనములు కొన్ని ఉన్నవి. 1983లో అమెరికాలో స్థాపితమైన ఇన్‌ట్యూట్ సంస్థవారు తయారు చేసిన క్వికెన్ ఇంటి లెక్కలకు పేరుగాంచినది. 1991లో వచ్చిన మైక్రోసాఫ్ట్ మనీ అమ్మకములను 2009లో నిలిపివేసిరి. సంస్థ మానివేసినచో మన లెక్కల గతి ఏమి అను ప్రశ్న అప్పుడు ఎందరినో బాధించినది. ఈ కారణము చేతను, వెల లేకుండుట చేతను, మేము ఈ ప్రసంగమునకు గ్నూక్యాష్ అను కార్యక్రమమును ఉదాహరణముగ తీసికొనుచున్నాము. దీని మొదటి కూర్పు 1998లో వెలువడినది. ఇది ఎవరికిని సొంతము కానిది, ఎవరైనను ఉచితముగ దించుకొనదగినది. తెలుగు అనువాదము కూడ ఇందు కలదు. ఆ అనువాదము అచ్చటచ్చట కఠినముగనే ఉన్నది గాని, ఖాతా అను మాట ఖాతాగనే ఉన్నచో తక్కినది అలవాటుమీద పట్టుబడును.

ఇందు ఖాతాలు ఐదు జాతులు: ఆస్తులు, అప్పులు, ఆదాయములు, వ్యయములు, మూలధనము. లెక్క మొదలు పెట్టు దినమున మన చేతిలో అంతకుముందే ఉన్న సొమ్మును, అంతకుముందే ఉన్న బాకీలను ప్రారంభ నిల్వలుగ వ్రాయవలెను. వానికి ఎదుటి పద్దు మూలధనములో పడును. చాలమంది ఆస్తుల ప్రారంభ నిల్వలను ఉత్సాహముతో వ్రాసి, బాకీలవి వ్రాయుట వాయిదా వేయుదురు. అట్టి లెక్కనుండి వచ్చు నిల్వ పట్టీ ఇంటివారిని మోసగించుటకు తప్ప ఎందులకును పనికిరాదు.

జంట పద్దు వలన ఒక మేలు వెంటనే కలుగును. బ్యాంకునుండి 5,000 రూపాయలు తీసినచో అది వ్యయము కాదు. బ్యాంకు ఖాతాలో తగ్గి చేతి నగదులో పెరిగినది, అంతే. బావమరదికి ఇచ్చిన చేబదులు వ్యయము కాదు, రావలసిన ఆస్తి. ఇక అప్పు తెచ్చిన సొమ్ము ఆదాయము కాదు. అప్పు చేతికి వచ్చిన దినమున ఇల్లు కళకళలాడుచుండును. పట్టీలో మాత్రము ఆస్తి ఎంత పెరిగినదో అప్పు కూడ అంతే పెరుగును. పొదుపు సంఘములో ఇల్లాలు కట్టిన సొమ్ము ఆమెకు ఆస్తి, సంఘమునకు అప్పు. ఒకే మొత్తము రెండు పుస్తకములలో రెండు వైపుల ఉండుటలో పొరపాటు ఏమియు లేదు.

నిల్వకును, రాకపోకలకును గల భేదము కంభము చెరువును చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. గుండ్లకమ్మ, జంపలేరు తెచ్చిన నీరు రాక. తూముల గుండ ఆయకట్టునకు పోవునది పోక. ఒకానొక ఉదయమున చెరువులో నిలిచి ఉన్న నీటి మట్టము నిల్వ. మట్టము చెప్పవలెనన్న ఒక్క తేదీ చాలును. రాక చెప్పవలెనన్న ఏ తేదీ మొదలు ఏ తేదీ వరకో చెప్పవలెను. నిల్వ పట్టీ కూడ ఇంతే. ఆస్తులకు, అప్పులకు ఒక్క తేదీ ఇచ్చినచో చాలును. ఆదాయ వ్యయముల ఖాతాలకు ఒక్క తేదీ ఇచ్చినచో, లెక్క మొదలైన నాటినుండి ఆ తేదీ వరకు కూడిన మొత్తమును యంత్రము చూపును. మూడేండ్ల ఎరువుల ఖర్చును ఒక్క ఏటి ఖర్చుగ భావించి గుండె గుభేలుమనుట ఇందువలననే. కావున నిల్వ పట్టీలో ఆస్తుల, అప్పుల ఖాతాలను మాత్రము ఎన్నుకొని, ఆదాయ వ్యయములకు వేరొక పట్టీని రెండు తేదీల నడుమ తీయవలెను.

ఇప్పుడు గిద్దలూరు చేరువ ఊరిలో ఒక కుటుంబమును ఊహింతము. 2025 మార్చి 31వ తేదీ నాటికి పట్టీ తీసినారనుకొందము. చేతి నగదు 8,400 రూపాయలు. గ్రామీణ బ్యాంకులో 61,250. యూనియన్ బ్యాంకులో 14,600. పొదుపు సంఘములో 18,000. బావమరది ఇవ్వవలసినది 20,000. నలుబది గ్రాముల బంగారము, కొన్న ధర గ్రాము 4,000 వంతున 1,60,000. వెరసి ఆస్తులు 2,82,250 రూపాయలు. భూమిని, ఇంటిని మేము చేర్చలేదు. అమ్మదలచుకోనిదానికి వెల కట్టి సంతోషించుట లెక్కలలో మంచి అలవాటు కాదు. ఇక అప్పుల వైపు: బంగారముపై తెచ్చినది 1,00,000. పంట రుణము 90,000. ఎరువుల దుకాణపు బాకీ 37,500. పొదుపు సంఘపు అప్పు 42,000. ప్రోనోటుపై తెచ్చినది 50,000. వెరసి 3,19,500. తీసివేయగా 37,250 రూపాయలు ఋణము.

ఫోనులో 61,250 రూపాయలు చూచుకొని కొడుకునకు మోటారు సైకిలు కొనదలచిన తండ్రికిని, ఈ పట్టీ చూచిన తండ్రికిని మధ్య ఎంత దూరమో శ్రోతలు గ్రహింతురు. ఐనను ఈ అంకె తుది మాట కాదు. ఇందులో రెండు చోట్ల జాగ్రత్త కావలెను.

మొదటిది బంగారము. గ్నూక్యాష్‌లో బంగారమును రూపాయలలో గాక గ్రాములలోనే ఖాతాగ ఉంచి, ధరను వేరుగ నమోదు చేయవచ్చును. పట్టీ తీయునపుడు ఏ ధర వేయవలెనని అది అడుగును: కొన్న ధర సగటా, అన్నింటికంటె కడపటి ధరయా, పట్టీ తేదీకి దగ్గరగ ఉన్న ధరయా? గ్రాము 8,000 వంతున వేసినచో ఆ నలుబది గ్రాములు 3,20,000 అగును. పై కుటుంబము 37,250 ఋణమునుండి ఒక్క పెట్టున 1,22,750 మిగులునకు ఎక్కును. ఒక్క రూపాయి చేతికి రాలేదు, ఒక్క బాకీ తీరలేదు. రెండు అంకెలును సత్యములే, కాని అవి రెండు వేరు ప్రశ్నలకు సమాధానములు. నగలు అమ్మి అప్పులన్నియు తీర్చినచో ఏమి మిగులునని అడిగినచో మార్కెట్టు ధర వేయవలెను. అమ్మక సంసారము నడపవలెనన్నచో బంగారమును పక్కకు తీసి పట్టీ చూడవలెను; అప్పుడు ఆస్తి 1,22,250 మాత్రమే, అప్పు 3,19,500. మేమైతే రెండవదానినే ముందు చూడుమందుము. పాత తేదీకి పట్టీ తీయునపుడు కడపటి ధరను ఎన్నుకొనరాదు; నేటి ధరను మూడేండ్ల క్రిందటి నగకు వేసి యంత్రము మనలను అప్పుడే ధనికులుగ చూపగలదు.

తాకట్టు పెట్టిన నగను ఆస్తులలోనుండి తీసివేయువారు కలరు. అది సరికాదు. నగ మనదే; అప్పు వేరు. రెండును వేరువేరు ఖాతాలుగ ఉన్నప్పుడే, ఏ అప్పునకు ఏ నగ బందీయైనదో తెలియును.

రెండవది వడ్డీ. పట్టీకి మనము వ్రాసినది తప్ప మరేమియు తెలియదు. ప్రోనోటు సొమ్ము సెప్టెంబరు 1వ తేదీన తెచ్చినారనియు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అనియు అనుకొందము. అనగా నెలకు 1,000 రూపాయలు, ఏడాదికి నూటికి ఇరువదినాలుగు. మార్చి నెలాఖరునకు ఏడు నెలలు. 7,000 రూపాయలు పెరిగినది. ఇంతవరకు కట్టలేదు గనుక ఎవరును పద్దు వ్రాయలేదు. పట్టీలో అప్పు ఇంకను 50,000గనే నిలిచి ఉన్నది, నిజమునకు 57,000. కొన్న ధర లెక్కన తేలిన ఋణము 37,250 కాదు, 44,250. కట్టని వడ్డీని కూడ నెలనెలకు వ్యయముగను, అప్పుగను వ్రాయుచుండవలెను. నిర్ణీత తేదీన దానంతటదే వ్రాసికొనునట్లు పద్దును ముందే ఏర్పాటు చేయు సౌకర్యము గ్నూక్యాష్‌లో ఉన్నది. రెండు రూపాయల వడ్డీ మాటలో చిన్నదిగ తోచును. పట్టీలో నెలనెలకు పెరుగుచు కంటబడినప్పుడు గాని, ముందు ఏ అప్పు తీర్చవలెనన్నది నిశ్చయము కాదు.

తేదీని మార్చి మార్చి పట్టీ తీయుటలో గల బలమును ఒక తగవు ద్వారా చూపుదుము. ఎరువుల దుకాణమువారు దీపావళికి లెక్క చూచి, “మీ బాకీ 52,500” అనిరి. మన పట్టీలో 37,500 ఉన్నది. ఇట్టి సమయమున స్వరము పెంచుట వలన ప్రయోజనము లేదు. ఆ ఒక్క ఖాతాకే ఆగస్టు 31 నాటి నిల్వ తీయవలెను: 52,500. దుకాణపు పుస్తకములోను ఆ తేదీకి అంతే. సెప్టెంబరు 30 నాటి నిల్వ తీయవలెను: మన లెక్కలో 37,500, వారి లెక్కలో 52,500. భేదము సెప్టెంబరు నెలలోనే పుట్టినదని తేలినది. పట్టీలోని ఖాతా పేరును నొక్కినచో ఆ ఖాతా పద్దులన్నియు తెరచుకొనును. సెప్టెంబరులో ఉన్నది ఒక్కటే పద్దు: 15,000 రూపాయలు ఫోను ద్వారా చెల్లింపు. అది దుకాణదారుని కుమారుని నెంబరునకు పోయినది. దుకాణపు పుస్తకమునకు ఎక్కలేదు. యూపీఐ చెల్లింపులు 2016లో మొదలైన పిమ్మట ఇట్టి తగవులకు కొత్త తావు ఏర్పడినది. సొమ్ము చేరును, పద్దు చేరదు. “అయ్యా, ఈ తేదీన, ఈ నెంబరునకు, ఇంత” అని చూపగలిగినచో ఇరుగుపొరుగుల పంచాయతి అక్కరలేదు. మనకు తెలియవలసినది దుకాణమువారు మోసగాండ్రా కాదా యన్నది కాదు, రెండు పుస్తకములు ఏ దినమున విడిపోయినవన్నది.

ఇట్టి తగవులో మన మాట నిలువవలెనన్న మన లెక్క ముందు సరిగ ఉండవలెను. బ్యాంకు ఖాతాలను నెలకొకమారు పాసు పుస్తకముతో పోల్చి సరిచూడవలెను. గ్నూక్యాష్ ప్రతి పద్దునకు ఒక గుర్తు ఉంచును: సరిచూడనిది, బ్యాంకులో చేరినదని మనము గుర్తించినది, పాసు పుస్తకముతో పూర్తిగ సరిపోల్చినది. చెక్కు ఇచ్చి అవతలివారు ఇంకను బ్యాంకులో వేయనిచో మన నిల్వకును బ్యాంకు నిల్వకును భేదముండుట సహజము. అది తప్పు కాదు. చేతి నగదునకు పాసు పుస్తకము లేదు గనుక డబ్బా తెరచి లెక్కించుటయే మార్గము. నూరు, నూటయేబది తేడా వచ్చినచో ‘తెలియని ఖర్చు’ అను ఖాతాలో వ్రాసి ముందుకు పోవలెను. దానికొరకు ఒక సాయంకాలమంతయు ఇంటివారిని ప్రశ్నించుట మాకు ఉచితముగ తోచదు.

పట్టీ రూపమును గూర్చి కొన్ని మాటలు. తొలిసారి తీసినప్పుడు అప్పుల నిల్వలు రుణ గుర్తుతోనో, ఎర్ర అక్షరములతోనో కనబడి కలవరపెట్టవచ్చును. జమ వైపు ఖాతాల గుర్తును తారుమారు చేసి చూపు ఏర్పాటు అభిరుచుల పుటలో ఉన్నది. ఉపఖాతాలు ఎన్ని అంతరువుల వరకు చూపవలెనో మనము చెప్పవచ్చును: ఇంటి పెద్దకు రెండు అంతరువులు చాలును, సరిచూచువారికి అన్నియు కావలెను. సున్న నిల్వ గల ఖాతాలను దాచవచ్చును గాని అప్పుల ఖాతాలను దాచకుండుట మేలు. తీరిపోయిన అప్పు సున్నగ కనబడుట ఇంటికి ఎంత ధైర్యమో చెప్పనక్కరలేదు. లెక్కల సంవత్సరము ఏప్రిలు 1 మొదలు మార్చి 31 వరకు అని ఒక్కమారు నిర్ణయించినచో తేదీలు మరల మరల వ్రాయనక్కరలేదు. ఈ ఏర్పాట్లన్నింటిని ఒక పేరుతో భద్రపరచినచో వచ్చే నెల అదే పట్టీ ఒక్క నొక్కుతో వచ్చును.

ఒక హెచ్చరిక. పాత తేదీతో కొత్త పద్దు వ్రాసినచో పాత నిల్వ పట్టీ కూడ మారిపోవును. నిరుడు తీసిన అంకెకును నేడు అదే తేదీకి తీసిన అంకెకును తేడా వచ్చినచో కారణమిదియే. ఇన్ని దినములు దాటిన పద్దులను ముట్టరాదను కట్టడి పెట్టు సౌకర్యము ఉన్నది, దానిని వాడవలెను. సంవత్సరాంతపు పట్టీని అచ్చు తీసి, తేదీ వేసి, ఇంటి దస్తావేజులతో పాటు పెట్టెలో ఉంచవలెను. కంప్యూటరు సంగతి ఇంటిలో ఒక్కరికే తెలిసి ఉన్నచో, ఆ ఒక్కరు లేని దినమున తక్కినవారికి మిగులునది ఈ కాగితమే. ఎవరికి ఎంత ఇవ్వవలెనో, ఎవరినుండి ఎంత రావలెనో తెలియని ఇల్లాలివద్దకు వచ్చి నోటిలెక్క చెప్పువారు ఏ ఊరనైనను ఉందురు.

ఇటీవలి కాలమున తరచు ఎదురగు చిక్కు ఇంకొకటి కలదు: బ్యాంకుల పేర్లు మారుట. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియన్ బ్యాంకులో లీనమైనది; అదే దినమున సిండికేటు బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసినది. 2006లో మూడు గ్రామీణ బ్యాంకుల కలయికతో ఏర్పడి, మన ప్రాంతమున పలువురికి ఖాతా ఉన్న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు, 2025 మే 1వ తేదీన రాష్ట్రములోని తక్కిన గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయినది. ఇట్టి సందర్భమున కొందరు పాత ఖాతాను మూసి, కొత్త పేరుతో కొత్త ఖాతా తెరచి, నిల్వను అందులోనికి మార్తురు. అట్లు చేయనక్కరలేదు. ఖాతా పేరును మాత్రము మార్చి, కొత్త కోడులను వివరణలో వ్రాసి, మారిన తేదీని అందే గుర్తు పెట్టినచో చాలును. మనము ఊహించిన కుటుంబము 2025 మే నెలలో ఇట్లే పేరు మార్చినచో, మార్చి 31 నాటి పట్టీని మరల తీసినప్పుడు 61,250 రూపాయలు కొత్త పేరున కనబడును, అంకె మారదు. పెట్టెలోని అచ్చు ప్రతిపై ఉన్న పాత పేరు ప్రక్కన కొత్త పేరును కలముతో వ్రాసి ఉంచవలెను.